చెంపపాయ

సికింద్రాబాద్ నుంచి వస్తున్న రైలు జనగామ స్టేషన్‌లో ఆగి మళ్లీ కదలలేదు. ముందు పట్టాల మీద జనం కూర్చున్నారని, సాయంత్రం దాకా కదిలేది లేదని పెట్టెలో ఎవరో చెప్పారు. సాయంత్రమయ్యాక, రేపు కూడా అనుమానమే అన్నారు. సకల జనుల సమ్మె మొదలై అప్పటికే బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. సంగీత పక్కనున్న తల్లి రుక్కి వైపు చూసింది. రుక్కి కిటికీ ఊచకు తల ఆనించి కళ్లు మూసుకుని ఉంది. మానుకోట దాకా వెళ్లి, అక్కణ్నుంచి కొత్తగూడ, అది దాటి అడవిలో తమ తండా. ఈ మనిషిని నడిపించుకుంటూ పోగల దూరం కాదు.

జనగామలో సంగీతకు తెలిసిన ఇల్లు ఒక్కటే. హన్మకొండలో డిగ్రీ చదివినన్నాళ్లూ హాస్టల్‌లో పక్క మంచం మీద పడుకున్న సబా వాళ్లది. ఫోన్ చేయగానే సబా స్టేషన్‌కు వచ్చింది. వాళ్ల నాన్న బాబామియా దర్జీ. కుట్టుమిషన్ ఉన్న ముందు గదిని ఖాళీ చేసి ఇచ్చాడు. సబా తల్లి నఫీసా బేగం రుక్కి చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయి, ఏమీ అడక్కుండానే గంజి కాచి పెట్టింది.

రుక్కికి రొమ్ములో గడ్డ. అద్దాల రవిక కింద దాన్ని ఎన్నాళ్లు దాచుకుందో ఎవరికీ తెలియదు. చేయి పైకి లేవకుండా అయిన తర్వాతే చెప్పింది. హైదరాబాద్ ఆస్పత్రిలో మొదటి విడత మందు సమ్మెకు ముందే ఎక్కించారు. ఇప్పుడు రక్తపరీక్షకు పోయి వస్తున్నారు. రెండో విడతకు రోజు దగ్గర పడుతోంది. అందుకే రైళ్లు నడవడం మొదలుపెట్టినా నఫీసా బేగం వాళ్లను కదలనివ్వలేదు. ఇంటికి పోయి మళ్లీ రావడం కన్నా ఇక్కణ్నుంచి హైదరాబాద్ సగం దారే కదా, ఉండమంది. సంగీత తండ్రి వాల్యా తండాలోనే ఉన్నాడు. పోడు చేనులో మక్కలు కంకి మీద ఉన్నాయి. కాపలా లేకపోతే అడవిపందులు ఒక్క రాత్రిలో మట్టం చేస్తాయి. ఇద్దరూ జనగామలో ఆగిపోయిన సంగతి భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేసే కొడుకు ప్రతాప్ ద్వారా ఆయనకు తెలిసింది.

ఆ ఇంట్లోనే రుక్కి జుట్టు ఊడటం మొదలైంది. డాక్టరమ్మ ముందే చెప్పింది. అయినా చెప్పడం వేరు, దిండు మీద చూడటం వేరు. రుక్కి పొద్దున్నే లేచి, రాలిన వెంట్రుకలను వేలికి చుట్టి ఉండ చేసి, తన మూటలో దాచేది. పరాయి ఇంట్లో తన వెంట్రుక కనపడకూడదని ఆమె పట్టుదల. రోజులు గడిచేకొద్దీ మిగిలిన జుట్టు చిక్కుపడి గడ్డలు కట్టింది. కింద చర్మం ఎర్రబడి, ముట్టుకుంటే మండేది. రెండుచోట్ల పుండు పడింది. జ్వరం వస్తే రెండో విడత మందు ఆపేస్తారని సంగీత భయం. ఫోన్ చేస్తే ఆస్పత్రి నర్సు ఒకటే మాట చెప్పింది. జుట్టు పొట్టిగా కోయించండి, తల శుభ్రంగా ఉంచండి.

రుక్కి వినలేదు. ఆమె బాధ జుట్టు గురించి కాదు. రెండు చెంపల పక్కనా జారే పాయలకు టోప్లీలనే వెండి నగలు కట్టి ఉన్నాయి. పెళ్లయిన నాడు కట్టినవి. మగడు పోయిన నాడే విప్పుతారు. తమ తండాలో ఆ పాయలు లేని ముత్తైదువను ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

నఫీసా బేగం పక్కన కూర్చుని చాలాసేపు నచ్చజెప్పింది. చివరికి ఆ పాయలు రెండూ వదిలేసి మిగతాది కోసేటట్టయితే సరేనంది రుక్కి. మగవాడు ముట్టుకోకూడదంది. కత్తెర మీరే పట్టండని సంగీత అడిగితే నఫీసా బేగం తన చేతుల వణుకు చూపించింది. అప్పుడు సబాకు లిస్సీ గుర్తొచ్చింది.

లిస్సీది కేరళ. ఆమె భర్త ఊళ్లో ఒక ఇంగ్లీష్ మీడియం స్కూల్లో ప్రిన్సిపాల్. ఆమె మెయిన్ రోడ్డు పక్క సందులో ఆడవాళ్ల పార్లర్ నడుపుతోంది. తెలుగు రాదు. ‘కూచో’, ‘అయిపోయింది’ అన్న రెండు ముక్కలతోనూ, తలూపడంతోనూ నెట్టుకొస్తుంది. హిందీ కూడా అంతంత మాత్రమే. వేసవిలో సబా ఆమె దగ్గర కనుబొమలు తీయడం నేర్చుకుంది. చేయి చాలా మెత్తనిదని చెప్పింది. కానీ మర్నాడు సమ్మె దీక్షా శిబిరంలో కూర్చోవడం సబా పనిచేసే బడి టీచర్ల వంతు. తప్పించుకోవడానికి లేదు. రుక్కి ఒప్పుకున్నది ఆ ఒక్క పూటకు. రేపు కాదంటే ఎల్లుండి ఏమంటుందో తెలియదు.

“నువ్వే మాట్లాడాలె,” అంది సబా. “ఫికర్ చెయ్యకు. నాలుగు మాటలు నేర్చుకుంటే చాలు.”

సంగీత చదివిందంతా తెలుగు మీడియం. ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది. నోటితో పలకాల్సి వచ్చేసరికి గొంతులో ఏదో అడ్డం పడుతుంది. కాలేజీలో ఒకసారి లేచి నిలబడి చెప్పబోతే, వెనక బెంచీల నవ్వు విని మధ్యలోనే కూర్చుండిపోయింది. ఆ తర్వాత నోరు తెరవలేదు. ఇప్పుడు గిన్నెలు తోముతూ సబా చెప్పిన మాటలు వల్లె వేసింది.

ట్రిమ్ అనకు, కొసలు కోసి పంపిస్తుంది అని సబా జాగ్రత్త చెప్పింది. షేవ్ అనే మాట అసలు ఎత్తకు, గుండు గీస్తుంది. షార్ట్ అను. తల మండుతోంది, మెల్లగా అనాలంటే ‘స్కాల్ప్ ఈజ్ సోర్, బీ జెంటిల్’ అను. చెంపల పక్కవి ముట్టుకోవద్దనాలంటే ‘లీవ్ ద సైడ్స్’. సంగీత దాన్ని పదేపదే పలికింది. లీవ్ అంటే సెలవు అనే ఆమెకు మొదట తోచింది. వదిలెయ్యడం కూడా అదేనని తెలిశాక, తప్పు పలుకుతానేమోనని మరింత భయమేసింది.

“చేత్తో గూడ చూపియ్యి,” అంది సబా. “మాట తప్పినా చెయ్యి తప్పదు.”

పొద్దున సంగీత తల్లికి ఓఢ్నీ నిండుగా కప్పి తీసుకెళ్లింది. రోడ్డు మీద దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. లిస్సీ ముందే అనుకున్న ప్రకారం షట్టర్ సగం ఎత్తి ఉంచింది. వంగి లోపలికి పోయారు. గోడల నిండా పొట్టిజుట్టు తెల్లమ్మాయిల ఫోటోలు. వాళ్ల మధ్య రుక్కి, ముంజేతి నిండా గాజులతో, కుర్చీ అంచున కూర్చుంది. అది కిర్రుమని తిరిగేసరికి ఉలిక్కిపడి కూతురి కొంగు పట్టుకుంది.

సంగీత గట్టిగా ఊపిరి పీల్చుకుని, నేర్చుకున్న మాటలన్నీ వరసగా చెప్పేసింది. షార్ట్. సోర్. జెంటిల్. లీవ్ ద సైడ్స్. చెప్పి, తన చెంపల మీద చేతులు పెట్టుకుని చూపించింది. లిస్సీ తలూపింది. ఆమె కూడా అవే మాటలు తిరిగి చెప్పి, తనకు అర్థమైందని కళ్లతో చెప్పింది. రెండు పాయలనూ పక్కకు తీసి క్లిప్పులు పెట్టింది. రుక్కి మెడ చుట్టూ తెల్లటి గుడ్డ కట్టింది. నూనె రాసి, చిక్కుగడ్డలను ఒక్కొక్కటిగా వేలితో విడదీస్తూ, రానివాటిని కత్తెరతో తీసేస్తూ పోయింది. రుక్కి భుజాలు కొంచెం కొంచెంగా కిందికి దిగాయి. ఇంగ్లీష్‌లో మాట్లాడాను, ఎదుటి మనిషికి అర్థమైంది అని సంగీత ఒక్క క్షణం ఆ గదిలో నిలబడి సంతోషపడింది.

సగం తల కోయడం పూర్తయ్యే వేళకు సందు మొగలో నినాదాలు వినిపించాయి. ఊరేగింపు దగ్గరకొచ్చింది. ఎవరో షట్టర్ మీద కర్రతో కొట్టారు. దుకాణం తెరిచిందెవరని, బంద్ అంటే తెలియదా అని అరిచారు. లిస్సీ చేతిలో కత్తెర ఆగిపోయింది. భాష తెలియని ఊరు, బయట గుంపు. భర్త స్కూలు అద్దాలు ఏ రోజు పగులుతాయోనని వాళ్లింట్లో మాట్లాడుకుంటూనే ఉండి ఉంటారు.

సంగీత వంగి బయటికి పోయింది. పదిహేను ఇరవై మంది కుర్రవాళ్లు. ముందున్నతను నుదుటికి గుడ్డ కట్టుకున్నాడు. ఆమెకు గొంతులో ఏదీ అడ్డం పడలేదు.

“అన్నా, లోపల మా అమ్మ ఉన్నది. క్యాన్సర్. ఎంటికలు సగం కోసిండ్రు. సగం మీదికెల్లి ఎట్ల లేపుకపోవాలె. జర ఆగుండ్రి.”

అతను ఆమె ముఖంలోకి చూసి, ఏ ఊరని అడిగాడు. కొత్తగూడ అవతల తండా అని చెప్పింది. తన అన్న భూపాలపల్లిలో బొగ్గుబావిలో దిగకుండా సమ్మెలోనే ఉన్నాడని చెప్పింది. తన స్నేహితురాలు ఇప్పుడు వాళ్ల దీక్షా శిబిరంలోనే కూర్చుందని చెప్పింది. అతను షట్టర్ కిందికి వంగి లోపలికి ఒకసారి చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

“జల్ది కానియ్యుండ్రి అక్కా,” అన్నాడు. “ఎనకనుంచి ఇంకో ర్యాలీ వస్తున్నది. ఆళ్లు నా మాట ఇనరు. షట్టర్ దించుకోండ్రి.”

సంగీత లోపలికి రాగానే షట్టర్ దబ్బున కిందికి దిగింది. గది చీకటైంది. కరెంటు లేదు. వెనక గోడకున్న చిన్న కిటికీ వెలుగే మిగిలింది. లిస్సీ వేళ్లు వేగంగా పనిచేయడం మొదలుపెట్టాయి. సంగీత షట్టర్‌కు చెవి ఆనించి నిలబడింది. రెండో ఊరేగింపు చప్పుడు దగ్గరవుతోంది. ఆ కుర్రవాడు ఎవరితోనో వాదిస్తున్నాడు.

వెనక నుంచి లిస్సీ ఏదో అడిగింది. ముందు మాటలు నినాదాల్లో కలిసిపోయాయి. చివర ‘టేక్ ఇట్ ఆఫ్’ అని వినిపించింది. సంగీత తల తిప్పి చూసింది. తల్లి మెడ చుట్టూ ఉన్న తెల్లగుడ్డ మీద లిస్సీ ఒక చేయి ఉంది. పని అయిపోయింది, గుడ్డ తీసేస్తానంటోంది. అలాగే అనిపించింది.

“యెస్, యెస్. టేక్ ఆఫ్,” అంది సంగీత. మళ్లీ షట్టర్ వైపు తిరిగింది.

కత్తెర చప్పుడు, ఆ తర్వాత గచ్చు మీద వెండి పడిన చప్పుడు.

కుడి చెంప పాయ పోయింది. దాని మొదట్లో చర్మం చిట్లి రక్తం కారుతోంది. టోప్లీ బరువుకు అక్కడి పుండు విచ్చుకుంది. అది చూసే లిస్సీ, తీసేయనా అని అడిగింది. ఇదంతా సంగీతకు తర్వాత అర్థమైంది. ఆ క్షణంలో ఆమెకు కనిపించింది అద్దంలో తల్లి ముఖం ఒక్కటే.

రుక్కి ఏడవలేదు. కుర్చీ దిగి, టోప్లీని వెంట్రుకలతో సహా ఏరుకుని కొంగున ముడేసుకుంది.

“మీ బాకు ఫోన్ చెయ్యి,” అంది లంబాడీలో.

తండ్రి వాల్యా ఫోన్ మోగలేదు. అడవిలో ఎప్పుడూ అంతే, సిగ్నల్ ఉండదని సంగీత చెప్పింది. రుక్కి మళ్లీ చేయమంది. లిస్సీకి ఏం జరిగిందో తెలియదు. ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలిసింది. సారీ, సారీ అంటూ దూదితో రక్తం ఒత్తుతోంది. ఆమె తప్పు కాదని చెప్పాలనుకుంది సంగీత. దానికి సబా ఏ మాటలూ నేర్పలేదు.

ఆ రోజు నుంచి రుక్కి గంజి ముట్టడం మానేసింది. గోడ వైపు తిరిగి పడుకుని, ఫోన్ చేసిండా అని అడిగేది. లేదంటే కళ్లు మూసుకునేది. సబా బతిమాలింది, నఫీసా బేగం దువా చదివి నీళ్లు తాగించబోయింది. రెండో విడత మందు రోజు వచ్చింది, పోయింది. హైదరాబాద్‌కు రానని రుక్కి ఖరాఖండిగా చెప్పింది. “ఆయినె లేనంక నాకెందుకు మందు,” అంది. వాల్యా పోయాడని ఆమెకు అనుమానం కాదు, నమ్మకం. ఆ నమ్మకం మెల్లమెల్లగా సంగీతకు కూడా అంటుకుంది. డిగ్రీ చదివిన మనిషిని, పాయ కోస్తే మనిషి పోతాడా అని తనలో తాను అనుకునేది. అనుకుంటూనే ఫోన్ తీసి తండ్రి నంబర్ నొక్కేది.

చివరికి ప్రతాప్‌కు చెప్పింది. అతను దోస్తు మోటార్‌సైకిల్ తీసుకుని తండాకు పోయాడు. తిరుగు దారిలో సిగ్నల్ దొరికాక ఫోన్ చేశాడు. తండ్రి తండాలో లేడు. చేను పక్కవాళ్లకు అప్పగించి, జనగామ పోతానని చెప్పి, నర్సంపేట వైపు పోయే ట్రాక్టర్ ఎక్కాడట. ఎక్కి చాలా రోజులైంది. నర్సంపేట రోడ్డు మీద పోలీసులు లాఠీలు ఝళిపించారని ఊళ్లో చెప్పుకుంటున్నారట.

ఆ మాట తల్లికి చెప్పలేదు. చెప్పకపోయినా రుక్కి కూతురి ముఖం చూసింది. ఆ రోజు ఫోన్ గురించి అడగలేదు. అది చూసి సంగీతకు ఇంకా భయమేసింది.

వాల్యా మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. మక్కల లారీ ఒకటి స్టేషన్ ఘన్‌పూర్‌లో దింపితే, అక్కణ్నుంచి ఎవరి సైకిల్ వెనకో, కాలినడకనో వచ్చాడు. పాదాలు వాచి ఉన్నాయి. గడ్డం మాసి ఉంది. గుమ్మంలో నిలబడి బాబామియా టైలర్ ఇల్లు ఇదేనా అని అడుగుతుంటే నఫీసా బేగం లోపలికి కేకేసింది.

రుక్కి లేచి కూర్చుంది. ఆయనను చూసింది. వెంటనే ఓఢ్నీ కళ్ల మీదికి లాక్కుని గోడ వైపు తిరిగిపోయింది.

జరిగింది ఆయన మెల్లగా చెప్పాడు. నర్సంపేట దగ్గర సమ్మెవాళ్లు నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు చేస్తున్నారు. ట్రాక్టర్ ఆగింది. ఆకలిగా ఉంటే విస్తరి ముందు కూర్చున్నాడు. పోలీసులు వచ్చి అందరినీ వ్యాన్లలో ఎక్కించారు. ఒక ఫంక్షన్ హాల్లో కొన్ని రోజులు పెట్టారు. ఆ తోపులాటలో నంబర్లున్న ఫోన్ పోయింది. వదిలిపెట్టాక దారి తెలియక, వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ తిరిగి తిరిగి చేరాడు.

సంగీత ఆయన ముందు కూర్చుని, పార్లర్‌లో జరిగిందంతా దాచకుండా చెప్పింది. ఆమె తీసేయనా అని అడిగింది, నేనే తియ్యి అన్నాను, నాకు సరిగ్గా అర్థం కాలేదు అంది. వాల్యా కూడా ఆ తండా మనిషే. పాయ లేని చెంప అంటే ఏమిటో ఆయనకూ తెలుసు. లేచి వసారాలోకి పోయి, బీడీ వెలిగించి, తాగకుండానే పారేశాడు. మళ్లీ లోపలికి వచ్చి భార్య పక్కన కింద కూర్చున్నాడు.

“ఆ హాల్ల పండుకున్నప్పుడు నాకూ ఇట్లనే అనిపించింది,” అన్నాడు. “నువ్వు పోయినవ్, నేను వచ్చేవరకు నువ్వు ఉండవ్ అని. ఇద్దరం ఉన్నం గద. లే.”

రుక్కి లేవలేదు. కాసేపటికి ఓఢ్నీ కింద నుంచి ఒక చేయి వచ్చి ఆయన వాచిన పాదం మీద ఆగింది. అప్పుడు ఏడ్చింది, చాలాసేపు.

సాయంత్రం నఫీసా బేగం ఇద్దరికీ ఒకే కంచంలో పప్పు, అన్నం పెట్టింది. రుక్కి నాలుగు ముద్దలు తిన్నది. హైదరాబాద్‌కు పోదామని సంగీత మళ్లీ అడిగింది. ఆయన వెంట వస్తేనే పోతానంది రుక్కి. ఆయన కంటికి కనబడుతూ ఉండాలంది. ఎడమ చెంప పాయ మిగిలి ఉందన్న ధైర్యం కొంత ఉన్నట్టుంది. అది కూడా రెండు రోజులకు దానంతట అదే ఊడి దిండు మీద పడింది. రుక్కి దాన్ని చూసి, పక్కన నిద్రపోతున్న వాల్యాను చూసి, మూటలో పెట్టుకుంది.

ప్రయాణానికి ముందు లిస్సీ వచ్చింది. సబా దగ్గర ఇల్లు కనుక్కుని, చిన్న సీసాలో కొబ్బరినూనె తెచ్చింది. సబా ఆమెకు అన్నీ వివరించి చెప్పినట్టుంది. ఆమె రుక్కి ముందు నిలబడటానికి భయపడింది. రుక్కి ఆమెను గుర్తుపట్టి, తల కొంచెం వంచింది. లిస్సీ మోకాళ్ల మీద కూర్చుని ఆ పుండ్ల చుట్టూ వేలికొసతో నూనె రాసింది.

రైలులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఎవరో జరిగి రుక్కికి, వాల్యాకు ఎదురెదురుగా చోటు ఇచ్చారు. మందు ఎక్కించే రోజు దాటిపోయింది, ఇప్పుడు మళ్లీ పరీక్షలన్నీ చేయాలని, గడ్డ ఎంత పెరిగిందో చూస్తే తప్ప ఏమీ చెప్పలేమని ఆస్పత్రిలో ఫోన్లోనే అన్నారు. ఆ మాట సంగీత ఒక్కతే మోస్తోంది. పట్టాలు ఎప్పుడు ఖాళీగా ఉంటాయో, రైలు ఎక్కడ ఆగిపోతుందో పెట్టెలో ఎవరికీ తెలియదు.

ఆలేరు దాటాక వాల్యా కూర్చున్నచోటే నిద్రపోయాడు. తల పక్కకు వాలింది, నోరు తెరుచుకుంది. ఒంట్లో ఏ కదలికా లేదు. రుక్కి కాసేపు చూసింది. ముందుకు వంగి, ఆయన ముక్కు కింద వేలు పెట్టింది. వేలికి ఊపిరి వెచ్చగా తగిలేదాకా అలాగే ఉండి, వెనక్కి కూర్చుంది. కొద్దిసేపటికి మళ్లీ వంగింది.

సంగీత కిటికీ వైపు తిరిగింది.